ఎడమకే ఉండిపోయిన రాడ్డు

ఏప్రిల్ 28

బుడంకాయా,

నీ ఉత్తరం శనివారం అందింది. మీ గని దగ్గర ఫోను పలకదని తెలిసి కూడా మూడుసార్లు చేశాను. ఎవరో ఆవిడ మూడుసార్లూ అదే మాట చెప్పింది, విసుగన్నది లేదు ఆవిడకి. అందుకే కాగితం తీశాను. నాది ఐదో తరగతి రాత, వత్తులు ఎక్కడ పడితే అక్కడ పడతాయి, నువ్వే సర్దుకుని చదువుకో.

అసలు సంగతి రాస్తాను. మీ వదినని నర్సుల ఆఫీసుకి పిలిచారు. వానలు పడేలోపు జీపు కొండెక్కితే సరి, లేదంటే పైనున్న నాలుగు ఊళ్లకి నర్సు రౌండు తీసేస్తారట. మీ అన్న పోయిన ఈ ఎనిమిది నెలలూ మీ వదిన సంచీ భుజాన వేసుకుని నడిచే వెళ్లొచ్చింది. బురద పడితే ఆ దారిలో నడవడం మనిషి వల్ల కాదు. పైన ఇద్దరికి వానల్లోనే నెలలు నిండుతాయి, ఆవిడకి వాళ్ల బెంగ.

జీపు షెడ్డులోనే ఉంది. మీ వదిన ఆదివారం ఆదివారం స్టార్టు చేసి పావుగంట ఉంచి ఆపేస్తుంది. ఇప్పుడు బయటికి తియ్యాలి. పెద్ద గేరు రాడ్డు పక్కన పొట్టి రాడ్డు ఉంది చూడు, అది కదలట్లేదు. వెల్డింగ్ మామయ్య వచ్చి చూసి, "ఇది డిఫ్ లాకు అక్కా, బిగుసుకుపోయింది. పైపు తొడిగి ఒక్క గుంజు గుంజితే చచ్చినట్టు వస్తుంది" అన్నాడు. ఆయన పైపు తొడిగి గుంజిన మన గేటుని ఇప్పటికీ ఎత్తి పక్కన పెట్టి లోపలికి వస్తున్నాం. వద్దు తమ్ముడూ, మా పిల్లని అడుగుతానన్నాను. ఆ లాకు తాలూకు లైటు కూడా ఏమీ వెలగట్లేదు, ఆయనే చూసి చెప్పాడు.

ఇంతకీ ఆ పొట్టి రాడ్డు దేనికి? నాలుగు చక్రాలూ తిరుగుతూనే ఉంటాయి కదా, మళ్లీ లాకేమిటి మధ్యలో? మీ అన్నని అడుగుదామని చాలాసార్లు అనుకున్నాను. కుట్టుమిషను మీద కూర్చుంటే నాకు ఇంకేమీ గుర్తుండదు. ఇప్పుడు అడగడానికి నువ్వే మిగిలావు. వివరంగా రాయి, నాకు అర్థమయ్యేలా.

కళ్లజోడు ఇంకా మార్చుకోని
మీ అమ్మ


మే 6

అమ్మా,

కళ్లజోడు మార్చుకో. మిగతావి తర్వాత.

సరుకుల లారీ వెళ్లిపోతుంది, డ్రైవరు హారన్ కొడుతున్నాడు, అయినా వివరంగానే రాస్తాను. బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు బయటివైపు నుంచి పోతాయి, వెనకవి లోపలినుంచి అడ్డంగా కోసుకొస్తాయి. అంటే ముందువాటికి దారి ఎక్కువ. రెండు జతలూ ఒకే లెక్కన తిరిగితే కుదరదు. అందుకని బండి నడుమ ఒక గేర్ల డబ్బా పెట్టారు. ఎవరికెంత కావాలో అంత తిరగనిస్తుంది. దాన్నే సెంటర్ డిఫరెన్షియల్ అంటారు.

దానికో బలహీనత ఉంది. ఒక చక్రం బురదలో పడి గిర్రున తిరిగితే బలమంతా దానికే పోతుంది, మిగతావి ఊరుకుంటాయి. అప్పుడు పొట్టి రాడ్డు ఎడమకి నెడతాం. ముందూ వెనకా కట్టేసినట్టు అవుతుంది, నాలుగూ కలిసి లాగుతాయి. బురదలో చక్రం జారుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. తార్రోడ్డు మీద జారదు. లాకుతోనే తిప్పితే ఆ బలం డబ్బాలో మెలిపెట్టుకుంటుంది, చివరికి ఏదో ఒకటి విరుగుతుంది.

లాకు పడితే లైటు వెలగాలి, వెలగట్లేదన్నావు, అంటే లాకు పడి లేదు. రోడ్డు మీద మెల్లగా నడుపుకోవచ్చు. రాడ్డు కింద కీలు తుప్పుపట్టి ఉంటుంది. సీట్ల మధ్య రేకు మూత ఉంది, ఆరు స్క్రూలు. పైనుంచే తియ్యి, బండి కిందకి మాత్రం దూరకు. హ్యాండ్ బ్రేకు వేసినా సరే చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టు. కీలు బ్రష్షుతో తుడిచి, తుప్పు వదిలించే నూనెలో గుడ్డ ముంచి దాని చుట్టూ చుట్టి కట్టెయ్యి. రెండు రోజులు నాననివ్వాలి. ఊరికే చుక్కలు పోస్తే కారిపోతుంది. అన్నయ్య నేర్పిన పద్ధతి ఇది, ఇక్కడ డంపర్ లారీలకి కూడా నేను ఇలాగే చేస్తాను, మా ఫోర్‌మన్ నవ్వుతాడు, ఆ తర్వాత అతనూ గుడ్డ అడుగుతాడు.

పైపు తొడగనివ్వకు. ఇంకో మాట, వదిన బలం పెట్టి లాగి ఉంటుంది. తనకి దేన్నీ మెల్లగా పట్టుకోవడం రాదు.

బుడంకాయ


మే 14

బుడంకాయా,

నీ ఉత్తరం నేను పైకి చదివాను. మీ వదిన వంటింటి గుమ్మంలో కూర్చుని మందుసీసాల చీటీలు అంటిస్తూ వింటోంది. చివరి మాట ముందే చూసుకుంటే మింగేసేదాన్ని, కళ్లజోడు సంగతి తెలుసుగా, నోట్లోంచి వచ్చేశాక గానీ అర్థం కాలేదు. ఆవిడ చేతిలో సీసా కింద పెట్టి, "రాయండి అత్తయ్యా, నేను ఆ రాడ్డుని ముట్టుకోనే లేదని రాయండి" అంది. అంతే. తర్వాత రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది, నేనేదో రాయించినట్టు. ముట్టుకోలేదు, నిజం. నేను సాక్ష్యం.

నువ్వు చెప్పిన చక్రాల సంగతి మిషను మీద ఉండగా ఠక్కున తట్టింది. గుండ్రంగా కోసిన గౌను అంచు కుట్టేటప్పుడు బయటి అంచు పొడుగు, లోపలికి మడిచేది పొట్టి. రెండూ సమానమే అని మొండికేసి కుట్టుకుపోతే గుడ్డ మెలి తిరుగుతుంది, కుచ్చులు పడుతుంది, లాగితే దారం తెగుతుంది. అంతేనా? అంతే అయితే నేను ముప్పై ఏళ్లుగా చేస్తున్నది అదే.

అయినా కళ్లతో చూడాలనిపించింది. షెడ్డు బయట మట్టినేల మీద నీళ్లు చల్లి మీ వదినని పావు చుట్టు తిప్పమన్నాను. నిజంగానే ముందు చక్రం గీత బయట, వెనకది లోపల. నా టేపు ఐదడుగులే కాబట్టి పుల్లలు గుచ్చుకుంటూ కొలిచాను. ముందు గీత మూడడుగుల పైన ఎక్కువ వచ్చింది. పావు చుట్టుకే. వెల్డింగ్ మామయ్య గోడ మీంచి చూసి, "రోడ్డుకి చొక్కా కుడుతున్నావా అక్కా" అన్నాడు. కొలతలు నీకు ఇవ్వను తమ్ముడూ అన్నాను. మీ వదిన నవ్వింది. అప్పటికి మాటలు కలిశాయి. ఒకటి చూశాను, వెనక గీత సాఫీగా లేదు, అక్కడక్కడ నేలని గోకినట్టు ఉంది.

తర్వాత బజారుకి వెళ్లాం, నువ్వు మెల్లగా నడపొచ్చు అన్నావని. సిమెంటు వీధి మలుపులో స్టీరింగు రాయిలా అయింది. బండి మూలిగింది, మనిషి మూలిగినట్టే. కింద టైరు రబ్బరు నల్లగా అంటుకుంది. ఉన్నట్టుండి టంగుమని అదిరింది. మీ వదిన ముఖం తెల్లబోయింది. ఎలాగో ఇంటికి తెచ్చింది. చాలాకాలం కదపక ఇలా అవుతుందా?

నువ్వు చెప్పినట్టు నూనె వేశాను. రాలేదు.

మీ అమ్మ


మే 21

అమ్మా,

ఇక తార్రోడ్డు మీద ఒక్క అడుగు కూడా నడపొద్దు. వదినకి ముందు చెప్పి, తర్వాత మిగతాది చదువు.

అది లాకులోనే ఉంది. నేల గోకడం, మూలుగు, ఆ అదురు, అన్నీ అవే గుర్తులు. లైటులో బల్బు మాడిపోయి ఉంటుంది, నేను ఆ మాట అడక్కుండా లాకు లేదని తీర్పు చెప్పేశాను. ఇంకోళ్లయితే వాళ్లని తిట్టేదాన్ని. వదిన మీద కూడా తొందరపడ్డాను. ఈ వాక్యం మాత్రం పైకి చదువు: వదినా, తప్పు నాది. అంత గట్టి స్టీరింగుని విరగ్గొట్టకుండా ఇంటికి తెచ్చావంటే నీకు మెల్లగా పట్టుకోవడం వచ్చనే అర్థం.

ఇప్పుడు చెప్పు. రాడ్డు ఎడమకి ఉందా, కుడికి ఉందా? ఎడమకి ఉంటే లాకు.

ఇంకొకటి. నూనె వేశానన్నావు. మూత కింద ఏం కనపడిందో రాయలేదేం? బొత్తాం ఊడితే రెండు పేజీలు రాస్తావు నువ్వు. ఆరు స్క్రూలు ఎలా వచ్చాయి, తుప్పు ఎంత ఉంది, ఒక్క ముక్కా లేదు. అమ్మా, నిజంగా మూత తీశావా?

అన్నయ్య ఎప్పుడూ కల్వర్టు దగ్గర, తార్రోడ్డు ఎక్కేముందే లాకు తీసేసేవాడు. ఆఖరిసారి లాకుతోనే ఇంటిదాకా వచ్చాడంటే మర్చిపోయి ఉంటాడు. అప్పటికే ఒంట్లో బాగాలేదేమో. ఇది రాయకూడదేమో, కానీ నీకు తోచకుండా ఉండదు కదా.

వానలకి ఇంకా మూడు వారాలు. చాలు. తొందర లేదు, కానీ నిజం కావాలి.

బుడంకాయ


మే 29

తల్లీ,

మూత తియ్యలేదు. నూనె వెయ్యలేదు. నీకు అబద్ధం రాశాను.

రాడ్డు ఎడమకే ఉంది. మొదటినుంచీ నాకు తెలుసు. ఎడమ అంటే ఏమిటో నువ్వు రాసేదాకా తెలియదు, రాశాక కూడా లాకు లేదన్న నీ మాటే పట్టుకున్నాను. కానీ మీ అన్న చెయ్యి ఆఖరున దాన్ని అక్కడ పెట్టిందని తెలుసు. వాడి చెప్పులు ఎవరో సర్దేశారు. పక్క దులిపేశారు. చొక్కాలు నేనే ఉతికాను, బుద్ధిలేక, వాసన కూడా మిగల్లేదు. ఆ రాడ్డు ఒక్కటే వాడు పెట్టినచోట పెట్టినట్టు ఉంది. దానికి ఒక తొడుగు కుట్టాను, టోపీలాగా, అడుగున నాడా వేసి. మీ వదిన చూసింది. ఏమిటని అడగలేదు. బజారుకి వెళ్లినరోజు కూడా ఆ తొడుగు అలాగే ఉంది. వెల్డింగ్ మామయ్య మొదటిసారి చూడ్డానికి వచ్చినప్పుడు తొడుగు తీసి రెండు వేళ్లతో ఆడించబోతే అది కదల్లేదు, నాకు లోపల హమ్మయ్య అనిపించింది. బిగుసుకుపోయిందంటే ఇక ఎవరూ తియ్యలేరనుకున్నాను. నీకు ఉత్తరం రాసింది మీ వదిన పోరు పడలేక, రాడ్డు వస్తుందని కాదు.

నువ్వు మర్చిపోయి ఉంటాడని రాశావు. అది చదివి మిషను ఆపేశాను. ఆ సాయంత్రం వాడు ఒక్కడే తడిసి వచ్చాడు. వచ్చినవాడు ఇంట్లోకి రాకుండా షెడ్డులోనే ఉండిపోయాడు. అన్నం పెట్టి రెండుసార్లు పిలిచాను. "వస్తున్నా" అన్నాడు. మూడోసారి, "ఆ బండి పక్కనే మంచం వేస్తాను, అక్కడే ఉండు" అన్నాను. వచ్చాడు. సబ్బుపొడితో చేతులు తోముకున్నాడు, సగం తిని లేచాడు. "మిగతాది రేపు చూస్తాలే అమ్మా" అన్నాడు. అన్నం గురించో బండి గురించో నేను అడగలేదు. తెల్లారి లేవలేదు. ఒంట్లో బాగాలేని బిడ్డని నేను ఆ మాట అన్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు నీకు రాశాను.

ఇక్కడిదాకా పొద్దున రాసి, మీ వదినకి చదివి వినిపించాను. ఆవిడ, "స్క్రూడ్రైవరు తెమ్మంటారా" అంది.

ఇప్పుడు మధ్యాహ్నం మూడు. మూత తీశాం. ఆరు స్క్రూల్లో రెండే ఉన్నాయి, మిగతా నాలుగూ సీటు కింద డబ్బా మూతలో దొరికాయి, పక్కన నూనె డబ్బా, బ్రష్షు. ఆ డబ్బా మూతకి చుట్టూ వాడి వేలిముద్రలు నల్లగా. కింద కీలు చుట్టూ అప్పటికే ఒక గుడ్డ చుట్టి ఉంది, బుడంకాయా. ఎండి అట్ట కట్టిపోయింది. అది నా గుడ్డే, నీలంగళ్ల చొక్కా, మోచెయ్యి చిరిగిందని బొత్తాలు కోసుకుని నేనే ముక్కలు చేసి వాడికిచ్చాను. ముడి మాత్రం నాది కాదు. వాడు ఎడమచేతివాడు కదా, ముడి ఎప్పుడూ తిరగబడి పడుతుంది, బూట్లకి కూడా. దాన్నే ఎంతసేపు చూశానో. మీ వదిన అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

ఇది నువ్వు రాసిన పద్ధతేగా? అయితే ఆ సాయంత్రం వాడు షెడ్డులో ఏం చేస్తున్నట్టు? నాకు తోచింది నిజమో కాదో నువ్వు చెప్పు. నువ్వు చెప్తేనే నమ్ముతాను.

అమ్మ


జూన్ 5

అమ్మా,

నీకు తోచింది నిజం.

అన్నయ్య మర్చిపోలేదు. కల్వర్టు దగ్గర తీయబోతే రాడ్డు రాలేదు. బలవంతం చెయ్యకుండా మెల్లగా ఇంటికి తెచ్చాడు. వచ్చీరాగానే మూత తీసి, తోమి, నూనె గుడ్డ కట్టాడు. మర్నాడు మళ్లీ తీసి చూసేదే కాబట్టి మూత రెండు స్క్రూలతో ఆపాడు. నాననివ్వాలి కదా. "మిగతాది రేపు" అన్నది బండి గురించే. ధ్యాస తప్పిన మనిషి అన్ని స్క్రూలు ఒకచోట జాగ్రత్తగా పెట్టడు. నువ్వు పిలిచేటప్పటికి వాడు కష్టంలో లేడు అమ్మా, వాడికి ఇష్టమైన పనిలో ఉన్నాడు. ఎన్నిసార్లు పిలిచినా నేనూ అలాగే ఉండిపోతాను, నీకు తెలుసు.

నీ ఉత్తరం డంపరు కింద పడుకుని చదివాను. ఫోర్‌మన్ వంగి చూసి ఏమైందన్నాడు. కంట్లో నూనె పడిందన్నాను. పాపం నీళ్లు తెచ్చిచ్చాడు.

ఆ గుడ్డ విప్పితే పారెయ్యకు, కానీ పెట్టెలో కూడా దాచకు. ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తాను. ముందు లైటు బల్బు మార్చండి. అది వెలిగితే లాకు ఉన్నట్టు, అప్పుడిక గుడ్డితనం ఉండదు. కీలుకి కొత్త గుడ్డ, కొత్త నూనె, రెండు రోజులు. తర్వాత బండిని మట్టినేల మీదే, స్టీరింగు తిన్నగా పెట్టి, నడక కన్నా మెల్లగా వెనక్కి పోనివ్వాలి. లోపల మెలిపడిన బలం అలా వెనక్కి విడుస్తుంది. ఒకరు నడపాలి, ఒకరు రాడ్డుని కుడికి నెట్టాలి, వేళ్ల బలం చాలు. రాకపోతే ముందుకి కాస్త, మళ్లీ వెనక్కి. వచ్చినా లైటు వెంటనే ఆరకపోవచ్చు, కంగారుపడొద్దు, ఇంకో నాలుగడుగులు పోతే ఆరుతుంది. ఆరేదాకా రోడ్డెక్కొద్దు.

వదినకి: బురదలో దిగకముందే లాకు వెయ్యి, దిగబడ్డాక కాదు. చక్రం ఊరికే గిర్రున తిరుగుతుంటే మాత్రం అస్సలు వెయ్యకు, పళ్లు ఊడతాయి, బండి గేర్లవి. గట్టి నేల రాగానే తీసెయ్యి. ఎండాకాలంలో కూడా నెలకోసారి మట్టిలో వేసి తీస్తుండు, లేకపోతే మళ్లీ ఇంతే.

రాడ్డు ఎవరు కదపాలో నేను చెప్పను.

బుడంకాయ


జూన్ 17

బుడంకాయా,

కళ్లజోడు మార్చాను. ముందు అది రాస్తే నువ్వు మిగతాది ప్రశాంతంగా చదువుతావని.

బల్బు మీ వదిన తెచ్చింది, నేను బిగించాను. పచ్చగా వెలిగింది. ఇన్ని నెలలూ అది చెప్పాలని చూస్తూనే ఉందేమో, నోరు లేక ఊరుకుంది. వాడి గుడ్డ విప్పాను, ముడి కొయ్యలేదు, సూదిమొనతో మెల్లగా వదులు చేసి తీశాను. మళ్లీ ఆ గుడ్డనే నూనెలో ముంచి కట్టాను. కొత్తది కట్టమన్నావు నువ్వు. నాకు ఆ గుడ్డ పని ఇంకా అయిపోలేదనిపించింది. మిషను బిగుసుకున్నప్పుడు కూడా నేను ఇలాగే నూనె వేసి వదిలేస్తాను, చక్రం బలవంతాన తిప్పను. ఇంట్లో ముగ్గురికీ ఒకే బుద్ధి, ఎవరు ఎవరికి నేర్పామో తెలియదు.

మూడోరోజు పొద్దున మీ వదిన స్టీరింగు ముందు కూర్చుంది. నేను పక్క సీట్లో. తొడుగు నాడా విప్పాను. చెయ్యి వేశాను గానీ నెట్టలేదు. రాడ్డు తల దగ్గర అరిగి నున్నగా ఉంది, నా అరచేతికి సరిగ్గా పట్టింది. మీ వదిన ఇంజను అలాగే ఉంచి, "మీకెప్పుడు వీలయితే అప్పుడే అత్తయ్యా, నాకేం తొందర లేదు" అంది. ఆఫీసువాళ్ల గడువు ఇంకా రెండు రోజులే, అయినా ఆ మాట అంది.

పోనియ్యి అన్నాను. బండి వెనక్కి కదిలింది. కుడికి నెట్టాను. రాలేదు. ముందుకి, మళ్లీ వెనక్కి. రెండోసారి టక్ మంది, నా చేతిలోనే తెలిసింది, కీళ్లు పట్టేసినవాళ్లు నిద్రలో ఒత్తిగిల్లినట్టు. లైటు ఆరలేదు. నువ్వు రాసింది గుర్తు చేసుకుంటూ అడుగులు లెక్కపెట్టాను, నాలుగు అన్నావు, ఆరో అడుగుకి ఆరింది. వెల్డింగ్ మామయ్య గోడ మీంచి, "పైపు తేనా అక్కా" అన్నాడు. గేటు బాగుచేసి అప్పుడు రా తమ్ముడూ అన్నాను.

నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. వాడు పెట్టినచోటు పోయిందన్న బాధ ఉంటుందనుకున్నాను, అదీ లేదు. వాడు దాన్ని అక్కడ ఉంచాలనుకోలేదు కదా, తియ్యాలనే చూశాడు. నేను కాపలా కాసింది వాడికి అడ్డంగా.

నిన్న తొలి వాన పడింది, ఆఫీసువాళ్ల గడువు మాత్రం దాటలేదు. ఇవాళ మీ వదినతో నేనూ కొండెక్కాను, చూడకపోతే ఉండబట్టలేదు. కల్వర్టు దాటాక ఆపి, "మీరు వెయ్యండి" అంది. ఎడమకి నెట్టాను, లైటు వచ్చింది. వాడు తిరిగిన ఆ బురదలోనే నాలుగు చక్రాలూ కలిసి లాగుతుంటే కూర్చున్న సీటుకి తెలుస్తుంది, నువ్వు రాసినప్పుడు ఇంత అర్థం కాలేదు. పైన ఇద్దరూ బాగున్నారు, ఒకామెకి ఈ వారమే కాన్పు. తిరిగొచ్చేటప్పుడు కల్వర్టు దగ్గర తార్రోడ్డు ఎక్కేముందే కుడికి తీశాను, లైటు ఆరాకే బయల్దేరాం. మలుపులో బండి మూలగలేదు. ఆ మలుపు కోసం నేను చెవులు రిక్కించుకుని కూర్చున్నానని మీ వదిన నవ్వింది.

ఒకటి అడగాలి. లాకు వేసినప్పుడు ముందూ వెనకా కలుస్తాయి సరే, మరి కుడి చక్రం, ఎడమ చక్రం? వాటికీ మలుపులో దారి తేడా ఉంటుంది కదా, నేను ఆ రోజు కొలవలేదు. వాటి మధ్య కూడా డబ్బా ఉందా? తీరిగ్గా రాయి.

తొడుగుని విప్పి, ఆ గుడ్డతోనే నూనె డబ్బాకి సంచీ కుట్టాను. వాడి గుడ్డ అందులోనే ఉంది, జీపులో, సీటు కింద, ఈసారి అవసరమైతే చేతికందేలా.

మీ ఫోర్‌మన్‌కి నేను అడిగానని చెప్పు. నువ్వు పనిలో మునిగి ఉన్నప్పుడు అన్నానికి ఎవరైనా పిలిస్తే, గుడ్డ కట్టి నాననిచ్చి లేచి వెళ్లు. రేపటికి ఉంచినా అది నానుతూనే ఉంటుంది. సగం తిని లేవకు. కడుపునిండా తిను, తల్లీ.

అమ్మ